వేలాడుతున్న ఎర్ర పిన్ను

మా అక్క వాళ్ళు చెన్నై అంబత్తూరులో ఇల్లు కట్టుకుని కార్తీకమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. ఆ రోజు వినిపించాలని రెండు నెలల ముందు నుంచే ఒక భక్తిపాట పట్టుకుని కూర్చున్నాను. బాణీ నాది, మాటలు పెదనాన్నవి, పాడింది అక్క కూతురు. పగలు ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు)లో ఉద్యోగం, రాత్రి పదకొండు దాటాక సాలిగ్రామంలో నా గదిలో మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన ట్రాకుల్ని కలిపి పాటగా చేయడం. పక్క వాటా వాళ్ళు పడుకుంటారు కాబట్టి స్పీకర్లు పెట్టే వీల్లేదు, అంతా హెడ్‌ఫోన్స్‌లోనే.

ఆ హెడ్‌ఫోన్స్‌లో పాట ఎంత బాగుండేదో! వయొలిన్ పూర్తిగా కుడిచెవిలో, ఫ్లూటు పూర్తిగా ఎడమచెవిలో, కోరస్ పిల్లలు తల చుట్టూ, గొంతు మాత్రం సరిగ్గా నడినెత్తి మీద. శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే పాన్ నాబ్ ఉన్నదే చివరిదాకా తిప్పడానికన్నట్టు తిప్పేశాను. "ఇంకా పడుకోలేదా, ఏం చేస్తున్నావురా?" అని అమ్మ అడిగితే "పాన్ చేస్తున్నానమ్మా" అన్నాను. "కిళ్ళీ కొట్టు పెట్టావా?" అంది. ఆ పాన్ కాదు, పనోరమిక్ పొటెన్షియోమీటర్ అన్న పేరును కురచ చేస్తే వచ్చిన మాట అని చెప్పాను. కిళ్ళీయే నయం అని వెళ్ళిపోయింది.

గృహప్రవేశం రోజు షామియానా కింద మైక్ సెట్ అబ్బాయికి ఫోన్ ఇచ్చాను. అతని దగ్గరున్న వైరుకు ఒక కొసన ఫోన్ పిన్ను, రెండో కొసన తెల్లదీ ఎర్రదీ రెండు పిన్నులు. తెల్లది ఆంప్లిఫయర్‌లో దూర్చాడు. ఎర్రది బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతూ ఉంది. నేను అటు చూడలేదు, బంధువుల మొహాలు చూస్తున్నాను.

గొంతు వచ్చింది, ఫ్లూటు వచ్చింది. పల్లవి అయ్యాక వయొలిన్ అందుకోవాల్సిన చోట తంబూరా, కీబోర్డు తప్ప ఏమీ లేదు. నాలుగు ఆవర్తాలు అలాగే గడిచాయి. వయొలిన్ వాయించిన మిత్రుడు తాంబరం నుంచి పని మానుకుని వచ్చాడు. మొదటి బంతిలో కూర్చుని పప్పన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపేసి నా వైపు చూశాడు.

"నా బిట్ తీసేశావా?"

తియ్యలేదురా అంటూ మైక్ సెట్ దగ్గరకు పరిగెత్తాను. ఎర్ర పిన్ను చూపిస్తే ఆ అబ్బాయి తాపీగా "రెండుం ఒణ్ణుదాన్ సార్" (రెండూ ఒకటే సార్) అన్నాడు. అతని లెక్కలో నిజమే. తెల్లది ఎడమ, ఎర్రది కుడి, ఊళ్ళో పాటలన్నిటికీ ఏది పెట్టినా తేడా తెలియదు. కుడివైపే ఉన్న నా వయొలిన్ మాత్రం ఆ వేలాడే తీగలోనే ఉండిపోయింది.

బతిమాలితే ఎర్రదాన్ని రెండో రంధ్రంలో పెట్టాడు. వయొలిన్ వచ్చింది, పీలగా. కానీ కోరస్ చెడింది. ఆ ఆంప్లిఫయర్ రెండు పిన్నుల్నీ కలిపి ఒకటే చేసి అన్ని బాక్సులకూ పంపుతుంది. కలిసేసరికి పిల్లలు కుండలో తలపెట్టి పాడుతున్నట్టుంది. ఒక్క పాట ఒక్క పూటలో రెండు రకాలుగా పాడైంది.

ఆ రోజు బాబాయిగారు కూడా వచ్చారు. సొంత బాబాయి కాదు, నాన్నగారి స్నేహితులు. కోడంబాకం రికార్డింగ్ థియేటర్లలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశారు, ఎడమా కుడీ లేకుండా శబ్దమంతా ఒకటిగానే వచ్చే మోనో రోజుల్లోనే మొదలుపెట్టిన మనిషి. తాంబూలం తీసుకుని వెళ్తూ, "ఆదివారం ఆ పెట్టె పట్టుకుని ఇంటికి రా" అన్నారు, అంతే. పెట్టె అంటే నా ల్యాప్‌టాప్.

వడపళనిలో ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మాల్ ఉంది కదా, దానికి రెండు సందుల అవతల వాళ్ళిల్లు. కాఫీ తాగాక మొదట చేయించిన పని, పద్నాలుగు ట్రాకుల పాన్ నాబులూ మధ్యకు తెప్పించడం. నేను మిక్సింగ్‌కు వాడే రీపర్ సాఫ్ట్‌వేర్‌లో, అన్నీ కలిసే మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ కూడా నొక్కించారు. నా పాట పప్పుచారులా ఒక్కటైపోయింది. కీబోర్డు గొంతు మీద కూర్చుంది. ఫ్లూటూ వయొలినూ ఒకే స్థాయిలో ఒకే గమకం వాయిస్తూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఇదిగో, ఇదీ నీ పాట" అన్నారు. "తోడికోడళ్ళిద్దరికీ పడదని చెరో గదిలో పెట్టావు. గొడవ తీరిందనుకున్నావు. పండగొస్తే ఇద్దరూ ఒకే వంటింట్లోకి రావాలి కదరా? ఆ మైక్ సెట్టే వంటిల్లు."

ఆ ఆదివారమూ, తర్వాతి రెండు ఆదివారాలూ పాన్ నాబ్ ముట్టుకోనివ్వలేదు. కీబోర్డులో గొంతుకు అడ్డొచ్చే మధ్య శబ్దాలు ఈక్యూతో (హెచ్చు తగ్గు స్థాయిల్ని విడిగా పెంచే, తగ్గించే సాధనం) కోయించారు. చరణంలో ఫ్లూటు పూర్తిగా తీయించారు (అది నేనే వాయించాను, మనసు చివుక్కుమంది). వాళ్ళ రోజుల్లో పక్కలు లేవు, ముందూ వెనకే. గాయకుడు మైకుకు దగ్గర, వయొలిన్ల గుంపు దూరంగా గోడ దగ్గర, ఒక బిట్ పైకి రావాలంటే వాయించేవాణ్ణి కుర్చీతో సహా ముందుకు జరిపేవారట. నేను ఆ ముందూ వెనకల సంగతి అసలు ఆలోచించలేదు. అన్నిటికీ ఒకే రివర్బ్ (గది మోత) పెట్టి, పక్కలకు మాత్రం లాగాను.

కోరస్ సంగతి వేరు. అక్కడ తప్పు పక్కలకు జరపడంలో కాదు, వాడిన కిటుకులో. పిల్లలు ఒకసారి పాడిన ట్రాకునే కాపీ చేసి, ఒకటి ఎడమకు, ఇంకోటి కుడికి పెట్టాను. రెండూ అచ్చంగా ఒకటే కాబట్టి శబ్దం మధ్యలోనే నిలబడింది, పెద్దదైంది, అంతే. అప్పుడు ఎక్కడో చూసి కుడిదాన్ని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. ఒక్కసారిగా గది విశాలమైపోయింది. దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. హెల్ముట్ హాస్ 1949లో దీని మీద పరిశోధన చేశాడు. ముందు చేరిన శబ్దం ఎటు నుంచి వస్తే చెవి అటే నమ్ముతుంది, ఓ ముప్ఫై మిల్లీసెకన్ల లోపు వెంట వచ్చే రెండోదాన్ని విడిగా ప్రతిధ్వనిలా వినదు. రెండు చెవులకు విడివిడిగా అందుతున్నంత సేపూ బాగుంటుంది. ఆ రెండూ ఒకే తీగలో కలిస్తే లెక్క మారుతుంది. 15 మిల్లీసెకన్ల తేడాకు 33 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 100 దగ్గర ఒకటి, 167 దగ్గర ఒకటి, ఇలా ప్రతి 67 హెర్ట్జ్‌కూ ఒక గుంట పడుతుంది, అంటే అక్కడి శబ్దం రెండూ కొట్టుకుని మాయమవుతుంది. గ్రాఫ్ చూస్తే దువ్వెన పళ్ళే. కుండ ధ్వని అదే.

దీనికి మందు ఒకటే, పిల్లల చేత మళ్ళీ పాడించడం. "ఒకసారి పాడాం కదా మామయ్యా" అని అక్క కూతురు మొహం ముడుచుకుంది, ఐస్‌క్రీముకు ఒప్పుకుంది. రెండోసారి ఎంత జాగ్రత్తగా పాడినా మొదటిసారిలా రాదు. ఒక మాట వెంట్రుకవాసి ముందు, ఒక స్వరం రవ్వంత పైన. ఆ తేడాల వల్లే ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ పెడితే విశాలంగా ఉంటుంది, మోనోలో కలిపినా కుండలోకి పోదు.

కీబోర్డు దగ్గర ఇంకో బుద్ధితక్కువ పని దొరికింది. అది స్టీరియో (ఎడమ, కుడి విడివిడిగా ఉన్న) ట్రాకు, కింది స్వరాలు ఎడమన, పై స్వరాలు కుడిన రికార్డయ్యాయి. దాని నాబ్ ఎడమకు తిప్పితే వాయిద్యం మొత్తం ఎడమకు జరుగుతుందనుకున్నాను. అక్కడ ఆ నాబ్ చేసేది కుడివైపును తగ్గించడమే. రెండు నెలలుగా కీబోర్డు పై స్వరాలు లేకుండానే పాట విన్నానన్నమాట.

పాన్ లా, అంటే నాబ్ ఎక్కడుంటే శబ్దం ఎంత ఉండాలో చెప్పే నియమం, దాని గురించి కూడా అప్పుడే తెలిసింది. రీపర్‌లో మామూలుగా అది సున్నా మీద ఉంటుంది. మధ్యలో ఉన్న వాయిద్యాన్ని రెండు స్పీకర్లూ మోస్తాయి, పక్కకు పంపితే ఒక్కటే మోస్తుంది కాబట్టి జరిపేకొద్దీ శబ్దం పడిపోతుంది. మధ్యలో 3 డెసిబెల్స్ తగ్గించే లా పెట్టుకుంటే స్పీకర్ల ముందు ఆ పడిపోవడం తెలియదు. అయినా మోనోలో కలిపితే, పూర్తిగా పక్కనున్నది మధ్యనున్నదాని కంటే 3 డెసిబెల్స్ వెనకబడుతుంది. సున్నా మీదే ఉంచిన నాకు ఆ తేడా 6. షామియానా కింద వయొలిన్ పీలగా వినబడింది అందుకే.

డిసెంబరు వచ్చింది. సంగీత సభల సీజన్, మైలాపూరులో ఒక మధ్యాహ్నం కచేరీకి వెళ్ళాం. టికెట్ లేదు, క్యాంటీన్ వాసన ఉంది. బాబాయిగారు చెవిలో, "కళ్ళతో విను" అన్నారు. గాయకురాలు మధ్యలో. ఆమెకు కుడిపక్క, అంటే మనకు ఎడమన మృదంగం. ఆమెకు ఎడమపక్క, మనకు కుడిన వయొలిన్. మృదంగం అటే ఎందుకు? వాయించేవాడు గాయకురాలి వైపు తిరిగి కూర్చుంటే కుడిచేతి వైపు మూత, నాదమంతా ఉన్నది, జనం వైపు ఉంటుంది. మృదంగ విద్వాంసుడు పళని సుబ్రమణ్య పిళ్ళైది ఎడమచేతి వాటం కావడంతో ఆయన కూర్చునే చోటే తగాదా అయ్యేదట.

నేను గమనించింది ఇంకొకటి. కుడివైపు స్పీకర్ కింద నిలబడితే మృదంగం కూడా అందులోంచే వస్తోంది. రెండు స్పీకర్లకూ ఒకటే వెళ్తోంది. పాన్ చేస్తున్నది మన కళ్ళే. ఇంకా, అంత పెద్ద వేదిక మీద కూడా మృదంగం ఒక మనిషి ఒళ్ళో పట్టేంతే ఉంది. నా పాటలో రెండు మైకుల్నీ చెరో చివరకు లాగి దాన్ని స్పీకర్ నుంచి స్పీకర్‌కు సాగదీశాను. తొప్పి (ఎడమచేతి వైపు మూత) మోత ఒకవైపు, చాపు (కుడిచేతి దెబ్బ) ఇంకోవైపు, మధ్యలో ఎవరూ లేరు.

ఆ రాత్రి పాన్ చేయడానికి అరగంట పట్టలేదు. గొంతు, తంబూరా మధ్యలో. మృదంగం ఎడమకు 30 (పూర్తిగా చివరైతే 100), దాని రెండు మైకుల మధ్య దూరం కొంచెమే, తొప్పి మధ్యకు దగ్గరగా. వయొలిన్ కుడికి 40. ఫ్లూటు మిగిలిన రెండు చోట్లా ఎడమకు 50. తాళాలు కుడికి 60, వాటికి బరువు లేదు కాబట్టి ఎక్కడున్నా ఫరవాలేదు. పూర్తిగా చివర్లలో ఉన్నది కోరస్ ఒక్కటే, అది రెండుసార్లు విడిగా పాడించింది కాబట్టి. హెడ్‌ఫోన్స్‌లో పాత మిక్స్ అంత ఊపు లేదని ఒప్పుకుంటాను. హెడ్‌ఫోన్స్‌లో కుడిది కుడిచెవికే పోతుంది. స్పీకర్ల ముందు కూర్చుంటే కుడి స్పీకర్ శబ్దం పావు మిల్లీసెకను ఆలస్యంగా ఎడమచెవికీ చేరుతుంది, కాబట్టి అంత చీలిక ఉండదు. నేను చీలికను చూసి విశాలం అనుకున్నాను.

సంక్రాంతికి అక్క వాళ్ళ వీధిలో ముగ్గుల పోటీ పెట్టారు. మళ్ళీ అదే మైక్ సెట్, అదే అబ్బాయి. తెల్ల పిన్ను దూర్చాడు, ఎర్రది వదిలేశాడు. ఈసారి ఏమీ అనలేదు. వయొలిన్ మిత్రుడు పక్కనే నిలబడి అరిసె తింటున్నాడు. పల్లవి అయింది, వయొలిన్ అందుకుంది, కాస్త వెనక నుంచి.

"ఉందిలే. కానీ నన్ను రెండో వరసలో కూర్చోబెట్టావేంట్రా?" అన్నాడు.

ఎర్ర పిన్ను చూపించాను. వాడే వెళ్ళి దూర్చి వచ్చాడు.