కిటికీలోంచి మబ్బులు కనిపించని ఇల్లు

కొండల్లో చిన్న ఊరికి మారిపోదాం అన్నది మొదట మావారి మాట. ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. నా పని పూర్తిగా ఇంటి నుంచే అని తేలాక నేనూ వంత పాడటం మొదలుపెట్టాను. ఇంట్లో ఆరుగురం: మేమిద్దరం, పదమూడేళ్ల అమ్మాయి, ఆరేళ్ల బాబు, అత్తయ్య, మామయ్య. మామయ్యకి ఆయాసం, ఇన్‌హేలర్ దగ్గర లేనిదే గడప దాటరు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఇవేవీ మాకు తెలియనివి కావు. అయినా ఊళ్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు మా ఇద్దరి కళ్ల ముందూ ఉన్నది ఒక్కటే: పొద్దున్నే కిటికీ తీస్తే మబ్బులు మనకంటే కింద కనిపించాలి.

అలాంటి ఊరు మొదటి ప్రయాణంలోనే దొరికింది. దాన్ని ఇంట్లో 'పై ఊరు' అనుకునేవాళ్లం. 2,200 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని మావారు దారంతా లెక్కలు చెబుతూనే ఉన్నారు. రెండో రోజు సాయంత్రం, బసకి వెళ్లే మెట్ల మీద మామయ్య సగంలో కూర్చుండిపోయారు. "ఏం లేదమ్మా, కొంచెం ఆగి వస్తా" అన్నారు. ఆ కొంచెం పావుగంట అయింది. అత్తయ్య ఫిర్యాదు వేరే: నీళ్లు తెర్లుతున్నాయి కానీ పొయ్యి మీద ఏదీ ఉడకట్లేదని. ఆవిడ చెప్పింది నిజమే. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అంతకుమించి వేడెక్కవు. కుక్కర్ మూత పెడితే తీరే సమస్య అది. మామయ్యది అలా కాదు.

తిరిగొచ్చాక ఆయన్ని చూసే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. బయల్దేరే ముందే వెళ్లాల్సింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో దాదాపు 77 శాతమే. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, కానీ ఒక్కో ఊపిరితో లోపలికి వెళ్లేది తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మామూలుగా 2,500 మీటర్లు దాటాకే తలనొప్పి, వికారం లాంటివి మొదలవుతాయని, ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవాళ్లకి ఆ లెక్క పనికిరాదని చెప్పి, ఈయన కోసమైతే 1,500 మీటర్ల లోపు చూసుకోమన్నారు. ఆ ఒక్క మాటతో మా జాబితాలో సగం ఊళ్లు ఎగిరిపోయాయి. మావారు రెండు రోజులు ముభావంగా తిరిగారు.

రెండోది 'లోయ ఊరు'. ఎత్తు 1,300 మీటర్లు, మధ్యలో ఏరు, ఏటి పక్కనే బడి. అందరికీ నచ్చింది. అడ్వాన్సు ఇచ్చేద్దాం అనుకున్నాం కూడా. చలికాలంలో ఒకసారి చూసి నిర్ణయించుకుందామని పట్టుబట్టింది నేను. నా ముందుచూపేమీ కాదు, మేం చూసిన ఊళ్లన్నీ మంచి రోజుల్లోనే చూశామని అప్పటికి అర్థమైంది. చలికాలం నడిమధ్యలో వెళ్లి నాలుగు రాత్రులు ఉన్నాం. పొద్దున్న ఏడింటికి బయటికి వస్తే ఇంటి కప్పుల ఎత్తులో పొగ దుప్పటిలా పరుచుకుని ఉంది. రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు వెంట దిగి లోయ అడుగున చేరుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొయ్యిల పొగ, బళ్ల పొగ, చెత్త కాల్చిన పొగ అన్నీ ఆ మూత కిందే. ఎండ బాగా ఎక్కితే గానీ విడదు. ఆ ఎండ కూడా మధ్యాహ్నం మూడు కాకుండానే పడమటి కొండ వెనక్కి పోతోంది. అదే పూట మూడు వందల మీటర్ల పైన ఉన్న పొలాల్లో నిక్షేపంలా వెలుతురు. మామయ్య ఆ నాలుగు రోజులూ దగ్గుతూనే ఉన్నారు, "ఊరు మాత్రం బాగుంది" అంటూనే ఉన్నారు.

ఇక అప్పటినుంచి చూసే పద్ధతి మార్చాం. ప్రతి ఊరికీ రెండుసార్లు: ఒకసారి జోరువానల్లో, ఒకసారి ఎండాకాలం ఆఖర్లో. కొండ ఊళ్లలో వాన దండిగా కురిసినా నీళ్లు నిలవవు, జారిపోతాయి. ఊటల మీద బతికే ఊళ్లలో ఎండాకాలం చివర ట్యాంకర్ వస్తుందా రాదా అన్నది ఇల్లు చూపించేవాళ్లు చెప్పరు. డాబాల మీద ఎన్ని డ్రమ్ములున్నాయో చూస్తే తెలుస్తుంది. ఒక ఊళ్లో ఇంటికి నాలుగేసి లెక్కపెట్టి, కారు దిగకుండానే వెనక్కి తిప్పాం.

వానాకాలం ప్రయాణాలు ఇంకా ఎక్కువ నేర్పాయి. వయనాడ్‌లో 2024 జులై 30 తెల్లవారుజామున కొండచరియలు విరిగిపడి చూరల్‌మల దగ్గర వంతెన కొట్టుకుపోతే, అవతల ముండక్కై మొత్తం తెగిపోయింది. సైన్యం 190 అడుగుల ఇనుప వంతెన కట్టేదాకా పెద్ద యంత్రాలని అటు చేర్చడం కష్టమైంది. కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు కూడా గుట్టల మీదిదే. 2018 నవంబరు 8న కార్చిచ్చు వచ్చినప్పుడు, బయటపడే దారులు కొన్నే ఉండటంతో జనం కార్లలోనే చిక్కుకుపోయారు. ఆ కార్చిచ్చులో 85 మంది చనిపోయారు. వీటి గురించి చదివాక ఏ ఊరు చూసినా మా మొదటి ప్రశ్న 'బయటికి దారులెన్ని?' అయింది. ఒకే రోడ్డు, దాని మీద ఒకే వంతెన ఉంటే ఆ ఊరు వద్దు. ఇందులో మావారితో వాదన కూడా లేకుండా పోయింది.

ఇల్లు ఎక్కడుందన్నది మరో గొడవ. రెండు దారులున్న ఒక ఊళ్లో వాలు మీద చక్కటి ఇల్లు దొరికింది, అద్దె కూడా మాకు అందేదే. వెనక చెట్ల మొదళ్లన్నీ కొక్కేల్లా వంగి, పైన నిటారుగా ఉన్నాయి. అమ్మాయి వాటిని ఫొటోలు తీస్తోంది, ముచ్చటగా ఉన్నాయని. అవి ముచ్చట కాదు, అడుగున మట్టి ఏళ్ల తరబడి మెల్లగా కిందికి జారుతోందని గుర్తు. లోపల ఒక తలుపు సగానికొచ్చి నేలకి పట్టేస్తోంది. వరండా గచ్చు మీద పగులు, దాని మీద కొత్త సిమెంటు. కింద టీ తాగుతుంటే ఒక పెద్దాయన, "వాగు ఒకప్పుడు ఆ ఇంటి దొడ్లోంచే పోయేదమ్మా, కట్టేటప్పుడు పక్కకి తిప్పారు" అన్నారు. నీళ్లు పాత దారి అంత తేలిగ్గా మర్చిపోవు. ఇల్లు చూపించినాయన మాత్రం వ్యూ గురించే చెబుతూ పోయాడు.

ఇంకో ఊళ్లో అన్నీ కుదిరాయి, అద్దె కాగితం దాకా వచ్చింది. అందులో చిన్న అక్షరాల్లో ఉన్నదేమిటంటే, సీజన్ రెండు నెలలూ మేం ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలి, అప్పుడు టూరిస్టులకి ఇచ్చుకుంటారట. ఆరుగురం ఆ రెండు నెలలు ఎక్కడికి పోవాలో యజమానిని అడిగితే, "అందరూ ఎక్కడికో అక్కడికి పోతార్లెండి" అన్నాడు.

ఆసుపత్రి దూరం మ్యాప్‌లో చూసి నమ్మకూడదని కూడా తిరిగాకే తెలిసింది. పక్షవాతం వస్తే మెదడులో రక్తపు గడ్డని కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. అంతకుముందు స్కానింగ్ తీసి, అది రక్తస్రావం కాదని తేల్చాలి. కాబట్టి ఆసుపత్రి ఉంటే సరిపోదు, రాత్రిపూట స్కానింగ్ చేసేవాళ్లు ఉండాలి. మ్యాప్‌లో యాభై నిమిషాలు అన్న దారిలో రాత్రి పదింటికి, పొగమంచులో, మావారు నడుపుతుంటే నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. గంటా ముప్పై అయిదు నిమిషాలు. వెనక సీట్లో బాబుకి మూడు వాంతులు. పిచ్చి పనిలా అనిపించింది గానీ, ఈ వెతుకులాటలో చేసిన అన్నిట్లోకీ పనికొచ్చింది అదే.

ఇంటర్నెట్ నా సొంత టెన్షన్. ఊళ్లో సిగ్నల్ ఉంది అంటే సరిపోదు, మలుపు తిరిగితే కొండ అడ్డొచ్చి పోతుంది. మేం తీసుకోబోయే గదిలోనే, రాత్రి ఎనిమిదింటికి, అందరూ వాడే వేళ వీడియో కాల్ చేసి చూసేదాన్ని. సాటిలైట్ కనెక్షన్ పెట్టుకోమని ఒకరు సలహా ఇచ్చారు. అందులోనూ రెండు రకాలు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉండే వాటితో అయితే మాటకీ జవాబుకీ మధ్య అర సెకను పైనే ఆలస్యం, మీటింగుల్లో ఒకరి మీద ఒకరు మాట్లాడేసుకుంటాం. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వాటితో ఆ బాధ లేదు. ఇంకోటి, కరెంటు పోతే టవర్ ఎంతసేపు పనిచేస్తుందో ఊళ్లో కుర్రాళ్లని అడగాలి, ఠక్కున చెప్తారు.

స్కూళ్ల గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అందులో నేను అడిగినవి తప్పు ప్రశ్నలు. నేను మార్కులు, సిలబస్ అని అడుగుతూ తిరిగాను. అమ్మాయి ఒకరోజు కారులో, "అమ్మా, ఆ ఊళ్లో నేను ఎవరి సాయం లేకుండా నడిచి వెళ్లగలిగే చోటు ఒక్కటైనా ఉందా?" అంది. ఇద్దరం నోరు మూసుకున్నాం. దాన్ని అప్పటిదాకా ఎవరం ఏమీ అడగలేదు. ఎక్కడికెళ్లినా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది కదా అనుకున్నాం.

చివరికి తేలింది ఎవరూ ఫొటో తీయని ఊరు. 1,100 మీటర్లు. రెండు రోడ్లు కలిసే చోట పుట్టింది కాబట్టి బస్సులు, బజారు, మెకానిక్కులు, లారీల మోత. పెద్దాసుపత్రికి రాత్రిపూట నలభై నిమిషాలు, నడిపి చూశాం. ఇల్లు గట్టి నేల మీద ఉంది, ఇంటి ముందు మెట్లు రెండే. కిటికీ తీస్తే ఎదురుగా ఒక పొట్టి గుట్ట, దాని మీద నీళ్ల ట్యాంకు. మబ్బులు చూడాలంటే మావారు ఆదివారం పూట బండేసుకుని పైకి వెళ్లొస్తారు.

కొనలేదు, ఏడాదికి అద్దెకి తీసుకున్నాం. వానాకాలం గడిచింది. ఒకసారి కింది రోడ్డు మూడు రోజులు మూసేశారు, రెండోది తెరిచే ఉంది. మామయ్య రోజూ బస్టాండు దాకా నడిచి, పేపరు చదివి, లారీలని తిట్టుకుంటూ ఇంటికొస్తారు. అమ్మాయి లైబ్రరీకి ఒక్కతే వెళ్తుంది, అది వారానికి మూడు రోజులే తెరుస్తారని దాని గొడవ. చలికాలం ఇంకా చూడాలి. అప్పటిదాకా విప్పొద్దని అత్తయ్య పక్కన పెట్టించిన నాలుగు అట్టపెట్టెలు హాల్లో అలాగే ఉన్నాయి. బాబు వాటి మీద ఎక్కి కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు.