ఎర్త్ దగ్గర పోయిన 3 వోల్టులు

ట్యాంకులో పెట్రోలు ఉంది, ప్లగ్గుల దగ్గర స్పార్కు ఉంది, అయినా బండి ఆగిపోతోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. కాసేపు తిరిగి వేడెక్కాక దగ్గుతూ, ఈడ్చుకుంటూ నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. చూసినవాళ్ళంతా "వేపర్ లాక్" అనేశారు, అంటే వేడికి గొట్టాల్లో పెట్రోలు ఆవిరై పారకుండా అడ్డుపడటం. పాత కార్ల విషయంలో జవాబు దొరకనప్పుడు అందరూ అనే మాటే అది. నాకు మాత్రం వెనక నుంచి వినిపించే పెట్రోలు పంపు చప్పుడు మీదే అనుమానం. బండి నీరసించే ముందు ఆ రొద గొంతు కాస్త దిగిపోతోంది.

గ్లోవ్ బాక్సులో వెనకటి యజమాని దాచిన రసీదులున్నాయి. కొత్త పంపు, కొత్త ఫిల్టరు, పంపుకి కరెంటు కలిపే స్విచ్చులాంటి రిలే కూడా కొత్తదే. అన్నీ మార్చినా రోగం కదల్లేదు. అందుకే ఇవాళ ఏదీ కొనకుండా మల్టీమీటరుతోనే తేల్చుకుందామని కూర్చున్నా.

ఇది కె-జెట్రానిక్ బండి. 1973లో వచ్చిన ఈ బాష్ కంపెనీ ఇంధన పద్ధతిలో ఇంజను నడుస్తున్నంతసేపూ ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్ముతూనే ఉంటాయి. అందుకు పంపు దాదాపు 5 బార్ల ఒత్తిడి నిలబెట్టాలి. కార్బురేటర్ బండైతే పంపు కొంచెం నీరసపడినా సర్దుకుపోయేది, దీనికి ఆ ఓర్పు లేదు.

బండిని వేడెక్కేదాకా తిప్పి, మొరాయించగానే రిలే పీకేశాను. స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ నుంచి పల్స్‌లు వస్తేనే ఈ రిలే పంపుకి కరెంటు వదులుతుంది. గుద్దుకుని ఇంజను ఆగిపోతే పంపు కూడా ఆగిపోవాలని అలా పెట్టారు. మంచి ఏర్పాటే కానీ, ఇంజను ఆపి పంపుని పరీక్షించాలంటే రిలేని పక్కన పెట్టాల్సిందే. సాకెట్లో కరెంటు వచ్చే 30, పంపుకి పోయే 87 నంబర్ల కాళ్ళని ఫ్యూజున్న వైరుతో కలిపాను. పంపు తిరిగింది, కానీ గొంతు అదే దిగిన గొంతు. అంటే రిలే నిర్దోషి.

ఇక పంపు దగ్గరికి. కనెక్టరు ఊడదీసి కొలిస్తే 12.4 వోల్టులు. ఇక్కడే చాలామంది "కరెంటు బాగానే వస్తోంది, పంపే పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. కానీ మల్టీమీటరు తనలోకి లాక్కునే కరెంటు లెక్కలోకే రాదు, అంత తక్కువ కరెంటుకి దారిలోని అడ్డంకి బయటపడదు. గుక్కెడైనా తాగనివాణ్ణి అడిగితే బావి నిండుగానే ఉందంటాడు. కనెక్టరు తిరిగి పెట్టి, పంపు తిరుగుతుండగా కొలిస్తే 8.9. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.3. మధ్యలో 3.4 వోల్టులు ఎక్కడికి పోయాయి?

ఒక పొడవాటి వైరు తీసుకుని, మీటరు ఒక కొసని బ్యాటరీ ప్లస్ మీద, రెండోది పంపు ప్లస్ మీద పెట్టాను. 0.4. తర్వాత పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. 3.0! లెక్క అణా పైసలతో సరిపోయింది. పంపు లాగుతున్నది 6 ఆంపియర్లు, అంటే దారిలో ఎక్కడో అర ఓమ్ నిరోధం కూర్చుంది. అర ఓమే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ 18 వాట్లు ఊరికే వేడిగా ఖర్చవుతున్నాయి. వేడెక్కేకొద్దీ అతుకు ఇంకా వదులవుతుంది. పొద్దున బాగుండి తర్వాత మొరాయించడం అందుకే. ఓమ్‌ల మీటరుతో దీన్ని పట్టుకోవడం కష్టం, దాని వైర్లకే పావు ఓమ్ దాకా ఉంటుంది.

డిక్కీలో కార్పెట్ ఎత్తితే, పంపు మైనస్ వైరుని కారు బాడీకి కలిపే ఎర్త్ బోల్టు కనిపించింది. వేలు పెడితే వెచ్చగా తగిలింది. ఎప్పుడో బాడీకి రంగు వేసినప్పుడు ఆ రంగు మీదే రింగు టెర్మినల్ బిగించేశారు. ఇన్నాళ్ళూ బోల్టు మరల గుండానే కరెంటు పోతోంది. రింగు చుట్టూ పచ్చగా చిలుము.

పని చిన్నదే. ముందు బ్యాటరీ వైరు తీసేశా, పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పురవ్వలతో ఆటలొద్దు. రంగు గీకి ఇనుము తేల్చి, కొత్త రింగు, పళ్ళ వాషర్ వేసి గట్టిగా బిగించి, తేమ చేరకుండా పైన గ్రీజు రాశా. మళ్ళీ కొలిస్తే ఎర్త్ వైపు 0.05, పంపు దగ్గర 11.8. పంపు గొంతు వినగానే తేడా తెలిసిపోయింది. సాయంత్రం ఎంతసేపు తిప్పినా ఒక్కసారీ దగ్గలేదు.

ప్లస్ వైపు 0.4 ఇంకా అలాగే ఉంది. అందులో సగం ఆ పాతకాలపు పింగాణీ ఫ్యూజు కొసల దగ్గరే పోతోంది. రేపు ఫ్యూజు మార్చి, దాన్ని పట్టుకునే క్లిప్పులు గీకి చూడాలి.