లాస్ వేగాస్‌లో ఆ చెక్క చర్చి

వేగాస్‌లో లిమో, అంటే పొడుగాటి అద్దె కారు, నడుపుతానంటే మనవాళ్ళు ముందు క్యాసినోల గురించి అడుగుతారు, తర్వాత పాప్ సింగర్ ఎల్విస్ వేషం వేసుకుని చేసే పెళ్ళిళ్ళ గురించి. నన్ను మాత్రం ఈ ఊర్లో ఒక్క బిల్డింగ్ చూపించమంటే స్ట్రిప్ అనే క్యాసినోల రోడ్డుకి దక్షిణం వైపు, వెల్‌కమ్ బోర్డుకి దగ్గర్లో చెట్ల మధ్య ఉండే లిటిల్ చర్చ్ ఆఫ్ ది వెస్ట్‌కే తీసుకెళ్తా.

1942లో లాస్ట్ ఫ్రాంటియర్ అని కౌబాయ్‌ల కాలం థీమ్‌తో ఒక హోటల్ కట్టారు. దానికి తోడుగా, పాత గనుల ఊళ్ళలో ఉండే చర్చి ఎలా ఉంటుందో అలాగే రెడ్‌వుడ్ చెక్కతో పెళ్ళిళ్ళ కోసమే ఈ చిన్న చాపెల్ కట్టారు. అప్పుడు యుద్ధం టైమ్, పక్కనే ఉన్న కాలిఫోర్నియాలో 1927 నుంచి పెళ్ళి లైసెన్స్‌కి మూడు రోజులు ఆగాలనే రూల్ ఉండేది, వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఆ ఆగడం లేదు. రేపు ఓడెక్కే సోల్జర్‌కి మూడు రోజులంటే మాటలా, అందుకే ఇక్కడికి వచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. 1943లో బెట్టీ గ్రేబుల్, హ్యారీ జేమ్స్ ఇక్కడే చేసుకున్నారు, తర్వాత జూడీ గార్లండ్, 1991లో రిచర్డ్ గేర్-సిండీ క్రాఫర్డ్, 2000లో ఏంజెలీనా జోలీ-బిల్లీ బాబ్ థార్న్‌టన్. ఎల్విస్ ప్రెస్లీ ఒక సినిమాలో పెళ్ళి చేసుకున్న సీన్ కూడా ఇక్కడిదే.

నాకు స్టార్ల లిస్టు కన్నా వేరే సంగతి ముఖ్యం. ఈ ఊరికి పాతదంటే పడదు, హోటల్ కాస్త పాతబడితే డైనమైట్ పెట్టి కూల్చేస్తారు, జనం నిలబడి చప్పట్లు కొడతారు కూడా. అలాంటి ఊర్లో ఈ చాపెల్‌ని మాత్రం కూల్చకుండా ఎత్తి బండి మీద పెట్టి 1979లో హసియెండా హోటల్ స్థలానికి తెచ్చారు, 1992లో నేషనల్ రిజిస్టర్‌లో, అంటే దేశంలోని చారిత్రక కట్టడాల జాబితాలో, చేరింది, 1996లో మళ్ళీ ఎత్తి ఇప్పుడున్న చోటికి మార్చారు. అదే ఏడాది డిసెంబర్ 31 రాత్రి హసియెండాని పేల్చేశారు. లాభం తప్ప ఇంకోటి లెక్కచెయ్యని ఊరు దీన్ని దాచుకుందంటే నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

మా పని మామూలే, హోటల్ దగ్గర జంటని ఎక్కించుకుని ముందు డౌన్‌టౌన్‌లో మ్యారేజ్ లైసెన్స్ ఆఫీసుకి, అది అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, ఇద్దరూ ఐడీతో వెళ్ళి 102 డాలర్లు కడితే చేతిలో కాగితం పెడతారు. మన దగ్గర స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోవాలంటే 30 రోజుల నోటీసు, అది బోర్డు మీద అంటించడం, ఈలోగా ఇంట్లోవాళ్ళు వెతుక్కుంటూ రావడం, ఆ బాధ తెలిసినవాళ్ళకి ఈ కాగితం విలువ తెలుస్తుంది. అక్కణ్ణించి చాపెల్‌కి. వాలెంటైన్స్ డే నాడైతే ముహూర్తాల రోజు అన్నవరం కొండ ఎలా ఉంటుందో అలా ఉంటుంది, ఒక జంట బయటికి రాకముందే ఇంకో జంట గుమ్మంలో, ఎండాకాలం వస్తే బండిలో ఏసీ ఆపకుండా నేను బయట వెయిటింగ్.

మొన్నామధ్య డాలస్ నుంచి ఒక తెలుగు జంట ఎక్కారు. నా ఫోన్ మాటలు విని ఆ అబ్బాయి "అన్నా, మీరు తెలుగా? సాక్షి సంతకం పెడతారా, ఇక్కడ మాకెవరూ లేరు" అన్నాడు. నెవాడాలో పెళ్ళి చేసేవాళ్ళు కాక ఒక్క సాక్షి ఉంటే చాలు, సరేనని లోపలికెళ్ళా. రంగు వెయ్యని చెక్క గోడలు, రెండు వరసల బల్లలు. ఉంగరాలయ్యాక అబ్బాయి జేబులోంచి పసుపుతాడు తీశాడు, పెళ్ళి చేయించే మినిస్టర్ (పాస్టరమ్మ) ఏమీ అడక్కుండా పక్కకి జరిగింది. ఆ పిల్ల వాళ్ళమ్మ వీడియో కాల్‌లో "నాయనా, ఫోన్ కాస్త పైకెత్తు, తాళి కనబడట్లేదు" అంటే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నా. వేగాస్ పెళ్ళంటే తమాషా అనేవాళ్ళకి ఆవిడ గొంతు వినిపించాలనిపించింది.

వచ్చేవాళ్ళకి ఒక్క మాట. చాపెల్‌లో ఇచ్చే అందమైన సర్టిఫికెట్ గోడకి తగిలించుకోడానికే. మినిస్టర్ పది రోజుల్లోపు కౌంటీకి (మన జిల్లా లాంటిది) కాగితాలు పంపుతారు, ఆ తర్వాత కౌంటీ క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, వీసాకైనా పేరు మార్పుకైనా అదే అడుగుతారు. ఇండియాలో వాడాలంటే దానిమీద నెవాడా వాళ్ళ అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ, కూడా వేయించుకోండి.