గుడ్‌లాండ్‌లో రెండు పేర్ల కాయితం

అమెరికాలో కాన్సస్ సిటీ నుంచి డెన్వర్‌కు ఐ-70 హైవే మీద కారులో పోయినవాళ్లకు తెలిసిందే, హేస్ ఊరు దాటాక గంటల తరబడి ఒకటే దారి. 2024 జూలైలో పోతుంటే గుడ్‌లాండ్ దగ్గర టైరు పోయింది. షాపులో రెండు గంటలు పడుతుందన్నారు. ఆ ఊళ్లో 80 అడుగుల ఎత్తున నిలబెట్టిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ చూడటానికి పావుగంట చాలు. తర్వాత హోటల్లో కూర్చున్నాను. రెండు గుడ్లు, టోస్టు, కాఫీ, టిప్పుతో కలిపి 18 డాలర్లు. ఇంత చిన్న ఊళ్లో ఆ రేటు నాకు మింగుడు పడలేదు.

పక్క టేబుల్ దగ్గర ఒక ముసలి రైతు. జూలై 15 లోపు ఏ చెలకలో ఏం వేశాడో కౌంటీ ఆఫీసులో రాయించాలట, అందుకే వచ్చానన్నాడు. మాదీ వ్యవసాయమే అన్నాను. వడ్లు, మక్కలు, పసుపు అని చెప్తుంటే, టైరు అయ్యేలోగా చేను చూసొద్దాం రమ్మని ట్రక్కు ఎక్కించుకున్నాడు.

ఆగిన చోట మక్క నా తల దాకా ఉంది. "దీనికి గవర్నమెంటు డబ్బు గోధుమ లెక్కన వస్తుంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎప్పుడో పాత పంటల లెక్క చూసి ఆ భూమికి ఇన్ని గోధుమ ఎకరాలని రాసి పెట్టారట. ఇప్పుడు ఏది వేసినా లెక్క దాని మీదే, అదీ 85 శాతానికే. 27 కిలోల బుషెల్‌కు అప్పట్లో చట్టంలో రాసిన ధర 5.50 డాలర్లు. ఏడాది సగటు ధర అంతకన్నా పడిపోతే తేడా కట్టిస్తారు. ఈ జూన్‌లో కోసిన గోధుమకు వచ్చేదేమైనా ఉంటే, అది వచ్చే ఏడు అక్టోబరులో.

భూమి మీదేనా అని అడిగాను. కాదు, కౌలు. ఓనరు డెన్వర్‌లో ఉంటుందట.

"మరి ఆ డబ్బు ఆమెకేగా?"

"నాకే. ఆమెది రొక్కం కౌలు. పంట పోతే పోయేది నాది, ఆమెకెట్లా ఇస్తారు? పాలుకు ఇచ్చినట్టయితే వాటా ప్రకారం ఇద్దరికీ వచ్చేది."

ట్రక్కు అరలోంచి మడతలు పడ్డ కాయితం తీసి చూపించాడు. సాగుదారు పేరు ఒకచోట, ఓనరు పేరు ఇంకోచోట. సాగుదారు పేరు మీద ఆయన వేలు ఆగింది, గోరులో నల్లటి గ్రీజు. ఈ డబ్బు పెరిగితే కౌలూ పెంచుతారని బాధపడ్డాడు. ఆ బాధ నిజమే. నా చూపు మాత్రం ఆ రెండు పేర్ల మీదనే ఉండిపోయింది.

జగిత్యాల దగ్గర మా బాపు 3 ఎకరాలు కౌలుకు చేసేవాడు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 లెక్కన 12,000 చెక్కు హైదరాబాద్‌లో ఉండే పట్టాదారుకు వచ్చింది. ఆయన కారులో వచ్చి తీసుకున్నాడు. ఎండనపడి వచ్చాడని బాపే ఇంట్లోకి పిలిచి చల్ల ఇచ్చాడు. ఆ వానాకాలం పెట్టుబడికి బాపు నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చాడు. పాత పహాణీలో, అంటే ఊరి భూముల లెక్కలో, పట్టాదారు పక్కన సాగు చేసేవాడి పేరు రాసే అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది. కొత్త పాసుబుక్కులు వచ్చాక అదీ పోయింది. దున్నేవాడి పేరు ఏ కాయితంలోనూ లేకుండా చేయడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఆ మక్కచేనులో నిలబడి మళ్లీ అనుకున్నాను.

డెన్వర్ చేరాక రాత్రి బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ధరల సంగతి, ఎకరాల సంగతి ఏమీ అడగలేదు.

"ఓనరుది, దున్నేటోనిది, ఇద్దరి పేర్లూ ఒక్క కాయితంలనేనా బిడ్డా?"

అవునన్నాను. మళ్లొకసారి చెప్పమన్నాడు.