857 మీటర్లే కదా అన్నారు

నిన్న రాత్రే గ్లాస్గో తిరిగి వచ్చాను. బూట్లు ఇంకా స్నానాల గదిలో నీళ్లోడుతున్నాయి.

ఎక్కింది స్కాట్లాండులో గ్లెన్‌కో లోయ దగ్గరి బేన్ ఎ క్రూలష్ట్య అనే కొండ. పేరు నోరు తిరగడానికే వారం పట్టింది. మూడు వేల అడుగులు దాటిన కొండలను ఇక్కడ మన్రోలంటారు. 282 ఉన్నాయి, జనమంతా వాటి వెంటే పడతారు. ఇది ఆ లెక్కకు అందదు కాబట్టి ప్రశాంతంగా ఉంటుందని వెళ్లాను. ఆఫీసులో ఒకాయన "857 మీటర్లే కదా, పిల్లలు కూడా ఎక్కుతారు" అన్నాడు. ఆయన ఏ కొండా ఎక్కలేదని తర్వాత తెలిసింది. నేనూ తక్కువ తినలేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఏడుసార్లు ఎక్కినవాణ్ని అని బస్సులో పక్కాయనకు చెప్పుకున్నాను.

టికెట్టు లేదు, అనుమతి పత్రం అక్కర్లేదు. బాధ్యతగా మసలుకుంటే దాదాపు ఎక్కడైనా నడిచే హక్కు 2003 నాటి చట్టం ఇచ్చింది. ఎటు నడవాలో చెప్పే బోర్డు మాత్రం ఒక్కటీ లేదు.

కొండ కింది కింగ్స్‌హౌస్ హోటల్ నుంచి వాగు పక్కన కొంతదూరం హాయిగా సాగింది. బాట వదిలి వాలు వైపు తిరిగాక, మెత్తగా, పచ్చగా ఉన్నచోటు చూసి కాలు పెట్టాను. మోకాలి దాకా దిగబడింది. బలమంతా పెట్టి లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. బోర్లా పడుకుని, మోచేతి దాకా ఆ నల్లటి ఊబిలో పెట్టి దేవుతున్నాను. సరిగ్గా అప్పుడే డెబ్బై ఏళ్ల పెద్దావిడ కుక్కతో పైనుంచి దిగి వచ్చింది. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. చేతికర్ర అందించి, బూటు దొరికేదాకా నిలబడి, "అది గడ్డి కాదు బాబూ, నీళ్ల మీద నాచు. హెదర్ పొదలున్న చోట అడుగు వెయ్యి" అంది. మ్యాపు ఉందా అని అడిగింది. ఫోను చూపించాను. చార్జింగ్ తొమ్మిది శాతం. ఆవిడ ఏమీ అనకుండా తన కాగితం మ్యాపులో దారి చూపించింది. అలిపిరి మాట ఎత్తలేదు.

పైకి చేరాను. ఎదురుగా బూఖిల్ ఎటివ్ మోర్ అనే పేరున్న కొండ మొత్తంగా కనిపిస్తుంది. దాన్ని ఎక్కినవాళ్లకు ఆ దృశ్యం దక్కదు! గాలి ఆగగానే మిడ్జిలు, అంటే కుట్టే చిన్న దోమల్లాంటి పురుగులు, ముసిరాయి, దిగిపోయాను.

వెళ్లేవాళ్లు కాగితం మ్యాపు తీసుకెళ్లండి. బూట్ల దుకాణం వాళ్లను నమ్మకండి. నీళ్లు లోపలికి రావన్నారు. పైనుంచి వచ్చినవి బయటికీ పోవని చెప్పలేదు. రేపు తిరిగి ఇచ్చేద్దామంటే రసీదు ప్యాంటు జేబులోనే నాని ముద్దయింది.