గోడకుర్చీ ఎందుకు వేయించారంటే

రేవుగాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి ‘మన పదో క్లాసు బ్యాచ్ కలుస్తున్నాం కదా, సావనీర్‌కి రెండు పేజీలు రాయి’ అన్నాడు. రెండోసారి ‘ఫొటో కూడా పంపు, టై కట్టుకున్నదైతే బాగుంటుంది’ అన్నాడు. మూడోసారి అసలు విషయానికొచ్చాడు. ‘గోడకుర్చీ కథ రాయరా, అందరూ అదే అడుగుతున్నారు.’

టై కట్టుకున్న ఫొటో నా దగ్గర లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇరిగేషన్‌లో కాలవగట్ల మీద తిరుగుతున్నవాడికి టై ఎందుకు? లాకుల దగ్గర నిలబడి తీయించుకున్నది పంపాను. వెనక నీళ్ళు బాగా వచ్చాయి, నేనే కొంచెం లావుగా వచ్చాను. గోడకుర్చీ కథ మాత్రం మీరు విన్నట్టుగా రాయలేను.

మీరు విన్నది ఇదీ. తొమ్మిదో క్లాసు, దసరా సెలవులకి ఇంకా వారం ఉంది. తెలుగు మాస్టారు, అదే మన అపహసితం మాస్టారు, ఎందుకో ఆలస్యంగా వచ్చారు. ఈలోపు నేను బల్లెక్కి సినిమా కమెడియన్ రాజబాబుని దించేస్తున్నాను. మెడ అటూ ఇటూ విసరడం, కళ్ళు తిప్పడం, ఆ సన్నటి గొంతు సాగదీయడం. క్లాసంతా గొల్లుమంటోంది. గుమ్మం దగ్గర కాపలా కాయాల్సిన పీచుగాడు కూడా నవ్వుతూ ఇటే తిరిగి నిలబడ్డాడు. వాడి వెనకాలే మాస్టారు. ‘దిగు’ అన్నారు. చింతబరికతో అరచేతుల మీద ఆరు. ఆ తర్వాత గంట కొట్టేదాకా గోడకుర్చీ. ‘ఆ వెకిలి వేషాలు హాల్లో చూసుకో, నా క్లాసులో కాదు’ అన్నారు. మాస్టారికి రాజబాబంటే పడదు కాబట్టి నన్ను చావబాదారు. అంతే కథ. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, రిటైర్మెంటు విందుల్లో, మా ఆఫీసులో కుర్ర అసిస్టెంట్ ఇంజనీర్ల దగ్గర ఇదే చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ నవ్వారు.

మాస్టారికి రాజబాబంటే పడదన్న మాట నిజమే. మన ఊరివాడే, రాజమండ్రివాడే అయినా పడదు. మన ఊరివాడు కాబట్టే పడదేమో. పుణ్యమూర్తుల అప్పలరాజు అనే కుర్రాడు ఇక్కడ చదివి, టీచరు ట్రైనింగయ్యి, కొన్నాళ్ళు తెలుగు మాస్టారుగా కూడా చేశాడు. నాటకాలాడాడు. సినిమా దర్శకుడు గరికపాటి రాజారావుగారి కంట్లో పడి, 1960లో మద్రాసు వెళ్ళిపోయాడు. అక్కడ కడుపు నింపుకోడానికి పిల్లలకి ప్రైవేట్లు చెప్పాడట. అదే ఏడు ‘సమాజం’ సినిమాలో మొదటి వేషం. ఈ చరిత్రంతా మాస్టారికి కంఠతా వచ్చు. ఛందస్సు చెబుతూ చెబుతూ ఆగిపోయి, ‘పద్యం చెప్పాల్సిన నోరు, ఏం చెబుతోందో చూడండి’ అనేవారు. ఆయన బాధ ఆ బూతు మీదా, బడి వదిలేసి వెళ్ళాడనా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

ఇక్కడ ఆరు, ఏడు, ఎనిమిది క్లాసుల గురించి కూడా రాయాలి. అవి నాకు జరిగినట్టే లేవు. ఎన్‌సీసీ ఉప్మా ఏ క్లాసులోనో ఎవరైనా రాస్తే చదువుకుంటాను.

నాకు గుర్తున్నది పదో క్లాసు ఫిబ్రవరి. పబ్లిక్ పరీక్షలు మీద పడుతున్నాయి. అంతకు ముందు నెలే, జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు, ఊరంతా ఆ వేడిలోనే ఉంది. మన క్లాసులో మిమిక్రీ అంటే అప్పటికే ఎన్టీఆర్‌ది. నేనూ పార్టీ మార్చేశాను. రాజబాబుకి సినిమాలు బాగా తగ్గిపోయాయి. మా నాన్న తరంవాళ్ళు రాజబాబు, రమాప్రభ ఉన్నారంటే చాలు, హీరో ఎవరని కూడా అడక్కుండా వెళ్ళేవారు. మనకొచ్చేసరికి ఆయన పాత సినిమాల మనిషి.

1983 ఫిబ్రవరి 14, సోమవారం, రాజబాబు పోయాడు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు. మాకు మంగళవారం పొద్దున్న పేపరు చూశాకే తెలిసింది. మా నాన్న పేపరు మడిచి, ‘తాగి తాగి పోయాడు’ అన్నారు. మా అమ్మ వంటింట్లోంచి, ‘మీరు ఎన్నిసార్లు తీసుకెళ్ళారండీ ఆ తాగేవాడి సినిమాలకి?’ అంది. నాన్న మాట్లాడలేదు. నవ్వించినన్నాళ్ళు నవ్వించుకుని, పోయిన రోజు లెక్కలు తీయడం మా ఇంట్లోనే కాదు, కోటిపల్లి బస్టాండు దాకా నడిస్తే ప్రతి టీకొట్టు దగ్గరా అదే జరుగుతోంది. ఒకడు బూతంటాడు, ఇంకొకడు అలాంటి నటుడు మళ్ళీ పుట్టడంటాడు. ‘పాతతరం నటుల్ని పుట్టినరోజుకి పిలిచి సన్మానాలు చేశాడు, చివరికి తనకేం మిగిల్చుకున్నాడు?’ అని మరొకడు. అందరికీ ఆయన బాగా తెలుసు. పరిచయం ఒక్కడికీ లేదు.

బళ్ళో డ్రిల్లు మాస్టారు మామిడిచెట్టు కింద నిలబడి ఆ తాగుడు మాటే మళ్ళీ ఎత్తారు. పక్కనే ఆకులు ఊడుస్తున్న అప్ప చీపురు కింద పెట్టేసింది. మనం అందరం అప్ప అనేవాళ్ళం, పేరు ఒక్కడం కూడా అడగలేదు. ‘ఊళ్ళో చెత్త ఎత్తేవాళ్ళకి దానవాయిపేటలో జాగా ఇచ్చాడండి ఆ బాబు. తాగితే తాగాడు, మీ సొమ్మేటండి?’ అంది. డ్రిల్లు మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని గ్రౌండులోకి వెళ్ళిపోయారు. మన క్లాసు బుల్లెట్టుగాడూ నేనూ అక్కడే ఉన్నాం. ఆయన జీవితంలో విజిలు వేయకుండా నడిచింది ఆ ఒక్కసారే. తర్వాత మనవాళ్ళు ఇద్దరు ఇంటర్‌కి కోరుకొండలో రాజబాబు పేరు మీదున్న కాలేజీలోనే చేరారు. ఆయన కట్టించిందే అది. ఆ ఇద్దరూ కూడా ఆయన్ని వెక్కిరించిన బ్యాచే.

మూడో పీరియడ్ తెలుగు. మాస్టారు రాగానే క్లాస్ లీడర్ లేచి, ‘సార్, రాజబాబుగారికి రెండు నిమిషాలు మౌనం’ అని నసిగాడు. మాస్టారు వాణ్ణి కళ్ళజోడు మీంచి చూశారు. ‘నోరు మూసుకుని కూర్చోండ్రా అని ఆరేళ్ళ నించి మొత్తుకుంటున్నాను. నా మాటకి మూయని నోరు ఆయన పేరు చెబితే మూస్తారా?’ అన్నారు. అటెండెన్సు తీశారు. ఇంక తిట్లే అనుకున్నాం. ఆయన వెనక్కి తిరిగి బోర్డు మీద ఆరు మాటలు రాశారు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం.

సిలబస్సులో లేదది. నాట్యశాస్త్రంలో నవ్వులు ఆరు రకాలు అని మొదలుపెట్టి ఒక్కొక్కటీ చేసి చూపించారు. పళ్ళు కనపడకుండా నవ్వితే స్మితం. పళ్ళు కొంచెం కనపడితే హసితం. తియ్యగా చప్పుడొస్తే విహసితం. ముక్కుపుటాలు ఉబ్బి తల వాలితే ఉపహసితం. సమయం సందర్భం లేకుండా, కళ్ళమ్మట నీళ్ళొచ్చి భుజాలూ తలా ఊగిపోతే అపహసితం. పక్కలు పట్టుకుని, గొంతు పగిలేలా నవ్వితే అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, తర్వాత రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి. అయిదోది చేసి చూపిస్తూ ఆయన భుజాలు ఎగరేశారు చూడండి, పేరు అక్కడే పుట్టింది. పెట్టింది పీచుగాడు, పేటెంటు వాడిదే.

‘ఇప్పుడు చెప్పండి, మీ రాజబాబు నవ్వించింది ఏ నవ్వు?’

బుల్లెట్టు లేచి, ‘నేలటిక్కెట్టు నవ్వు సార్’ అన్నాడు.

మాస్టారు నవ్వారు. పళ్ళు కనపడలేదు కాబట్టి స్మితమే. ‘అతిహసితం అధములది అని రాసినాయన నేలటిక్కెట్టులో కూర్చుని ఉండడు’ అన్నారు. క్లాసు మళ్ళీ నవ్వింది. అప్పుడు నా బెంచీ వైపు చూశారు. ‘ఆయన నవ్వించింది డబ్బిచ్చి, నవ్వుదామని వచ్చినవాళ్ళని. అది గుర్తుపెట్టుకో’ అన్నారు. అందరూ నావైపు తిరిగారు. నాకేం అర్థం కాలేదు. ఇంకా పాత కోపం పోలేదు ఈయనకి అనుకున్నాను. ‘పబ్లిక్‌లో రాదు, తుడిచెయ్యండి’ అని పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆ వారం ఊళ్ళో రాజబాబు సినిమా ‘తాత మనవడు’ మళ్ళీ వేశారనీ, సెకండ్ షోలో మాస్టారు ఒక్కరే కండువా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారనీ సోడాబుడ్డిగాడు చెబుతాడు. నేను చూడలేదు. సోడాబుడ్డిగాడు నిజం చెప్పగా కూడా నేను చూడలేదు.

తర్వాత నా సంగతి కమిటీవాళ్ళు అడిగారు కాబట్టి క్లుప్తంగా. పాలిటెక్నిక్, ఆ తర్వాత ఉద్యోగం చేస్తూనే ఇంజనీరింగ్. డెల్టాలో నేను నీళ్ళు చూడని కాలవ లేదు. వరదకి మూడు రాత్రులు గట్టు మీదే పడుకున్న ఏళ్ళున్నాయి. ఒక డివిజన్ ఆఫీసులో పనిచేసినవాళ్ళ పేర్ల బోర్డు మీద నా పేరూ తెల్లరంగుతో ఉంది, మావాడు అమెరికా నించి వచ్చినప్పుడు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. నేను అడగలేదు, వాడే దిగాడు. మా స్టాఫుకి నేనంటే హడల్. ఈయన చిన్నప్పుడు బల్లెక్కి మిమిక్రీ చేసేవారట అంటే ఎవరూ నమ్మరు. అందుకే ఆ గోడకుర్చీ కథ చెప్పడం నాకు ఇష్టం. చెప్పాక వాళ్ళు ఫైళ్ళు తేవడానికి కొంచెం తక్కువ భయపడతారు.

ఈ ఏడాది ఫిబ్రవరి 14న మన గ్రూపులో ఎవరో రాజబాబు క్లిప్పు పెట్టారు. ఆరు దండాలు, తొమ్మిది నవ్వుబొమ్మలు, ఇంతలో గొడవ. మీకు తెలుసు, మీరే పడ్డారు. ఇది కామెడీయా, ఆడవాళ్ళ మీద వెకిలితనమా అని ఒకరు. ఆ కాలం అలాంటిది అని ఇంకొకరు. పోయి నలభై ఏళ్ళయినవాణ్ణి ఇప్పుడు తిడతారేంటని సోడాబుడ్డిగాడు. పెద్దమనిషి తరహాలో సర్దిచెబుదామని నేను గోడకుర్చీ కథ టైపు చేశాను. అందరూ శాంతించారు.

రాత్రి పదకొండింటికి నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. పంపింది మన క్లాసు రెండు జెళ్ళు. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్, మనలో సగం మంది పిల్లలకి ఆవిడే బెదురు.

‘ఆ రోజు నువ్వు రాజబాబుని దించింది ఎవరివైపు తిరిగి? ఆ డైలాగులో హీరోయిన్ పేరు తీసేసి నా పేరు పెట్టావు. గుర్తుందా? మర్నాటి నించి సెలవులిచ్చేదాకా నేను బడికి రాలేదు. మాస్టారు మా ఇంటికొచ్చారు. జ్వరం అని మా నాన్న చెబితే నమ్మినట్టే తల ఊపి, నోట్సు ఇచ్చి వెళ్ళారు.’

కింద ఇంకొకటి. ‘రాజబాబు మీద నాకేం కోపం లేదు. తాత మనవడు చూసి నేనూ ఏడ్చాను. కానీ టీవీలో ఆయన కనిపిస్తే ఛానల్ మారుస్తాను. ఆ గొంతు నాకు నీ గొంతులా వినపడుతుంది.’

గుర్తుందా అని అడిగింది. చదివేదాకా లేదు. చదివాక బల్ల, గుమ్మం, పీచుగాడి వీపు, నేను తిరిగిన వైపు, మొత్తం గుర్తొచ్చాయి. బుల్లెట్టుకి ఫోన్ చేసి అడిగాను. ‘అవునురా, ఆ పిల్ల పేరు పెట్టావుగా, అందుకేగా కొట్టారు’ అన్నాడు, ఇందులో కొత్తేముంది అన్నట్టు. మరి నలభై ఏళ్ళుగా నేను చెబుతుంటే నవ్వావేంరా అంటే, ‘నువ్వు బాగా చెబుతావు’ అన్నాడు.

మాస్టారు పోయి చాలాకాలమైంది. అడగడానికి లేదు. ఆ ఆరు దెబ్బల్లో రాజబాబు ఖాతాలోకి ఎన్ని, నా ఖాతాలోకి ఎన్ని అని. ‘నవ్వుదామని వచ్చినవాళ్ళని’ అన్నది మాత్రం నాతోనే అన్నారని తెలిసింది, కాస్త ఆలస్యంగా.

రెండు రోజులు ఆగి రెండు జెళ్ళకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో ఇక్కడ రాయను, బాగా మాట్లాడలేదు కూడా. నసిగాను. ఆవిడ విని, ‘సర్లే, మీ కోడలు పురిటికెళ్ళిందన్నారు, ఎలా ఉంది?’ అంది. ఈ వ్యాసం ముందు ఆవిడకే చదివి వినిపించాను. ‘వేసుకో. ఆ డైలాగు మాత్రం రాయకు’ అంది. రాయలేదు.

కమిటీవాళ్ళకి ఒక మనవి. కార్యక్రమం కాగితంలో సాయంత్రం అయిదున్నరకి నా పేరు ఎదురుగా ‘మిమిక్రీ – రాజబాబు’ అని వేశారు. అది కొట్టేయండి. ఎన్టీఆర్ అయితే చేస్తాను. లేదంటే మాస్టారి ఆరు నవ్వులూ వరసగా చేస్తాను, అయిదోది పీచుగాడు అందుకోవాలి.