ఛాతీకి బంతి తగిలి కుప్పకూలితే: మొదటి మూడు నిమిషాల పని

2023 జనవరి 2 రాత్రి, సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. బఫెలో బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఎదుటివాణ్ని అడ్డుకున్నాడు, దెబ్బ ఛాతీకి తగిలింది. లేచి నిలబడ్డాడు, ఆ వెంటనే వెనక్కి పడిపోయాడు. ఆ ఆటలో అంతకంటే గట్టి దెబ్బలు మామూలే. జట్టు సిబ్బంది మైదానంలోనే సీపీఆర్ (ఛాతీని పదేపదే నొక్కి రక్తాన్ని నడిపించడం) చేసి, ఏఈడీతో, అంటే గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే చిన్న యంత్రంతో, షాక్ ఇచ్చారు. అదే ఏడాది అతను మళ్లీ ఆటలోకి దిగాడు. తనకు జరిగింది కమోషియో కార్డిస్, అంటే ఛాతీ మీద దెబ్బకు గుండె లయ తప్పి ఆగిపోవడం అని ఏప్రిల్‌లో అతనే ప్రకటించాడు.

ఇక్కడ ఎముక విరగదు, గుండె కండరం చిట్లదు. ప్రమాదమంతా దెబ్బ ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది అన్నదాంట్లో ఉంది. ప్రతిసారీ గుండె కొట్టుకున్నాక దాని విద్యుత్తు మళ్లీ సర్దుకుంటుంది. ఈసీజీలో అది టీ వేవ్‌గా కనిపిస్తుంది. ఆ వేవ్ శిఖరానికి చేరడానికి 30 నుంచి 15 మిల్లీసెకన్ల ముందున్న వ్యవధిలో, సరిగ్గా గుండె మీదుగా దెబ్బ పడితే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ మొదలవుతుంది. అంటే గుండె వణుకుతుంది తప్ప రక్తాన్ని తోయదు. 1998లో అమెరికా పరిశోధకులు పంది పిల్లలపై గంటకు 48 కిలోమీటర్ల వేగంతో, బేస్‌బాల్ అంత వస్తువుతో పరీక్షించినప్పుడు, ఆ వ్యవధిలో పడిన 10 దెబ్బల్లో 9 ఇలాగే ముగిశాయి. నిమిషానికి 120 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో చక్రం 500 మిల్లీసెకన్లు. అందులో ప్రమాదం పొంచి ఉన్నది 15 మిల్లీసెకన్లలోనే. అందుకే ఇది అరుదు. కానీ ఆ పరీక్షలోని 48 కిలోమీటర్ల వేగమే చాలు కాబట్టి స్కూల్ పిల్లవాడు విసిరిన బంతికీ జరగొచ్చు. బాధితుల్లో ఎక్కువమంది టీనేజీ అబ్బాయిలే. ఆ వయసులో ఛాతీ గోడ పలుచగా, మెత్తగా ఉండి దెబ్బను నేరుగా గుండెకు చేరవేస్తుంది. బేస్‌బాల్, ఐస్ హాకీ, లక్రాస్ (వల కట్టిన కర్రలతో బంతి ఆడే ఆట), కరాటే, క్రికెట్, అన్నింట్లోనూ ఈ కేసులున్నాయి.

దెబ్బ చిన్నదిగా కనిపించడమే మన చేతుల్లోంచి సమయాన్ని లాగేసుకుంటుంది. "ఊపిరి పట్టేసింది, కాసేపు పడుకోనివ్వండి" అంటారు. పొట్ట మీద దెబ్బకు ఊపిరి పట్టేసిన పిల్లవాడికి స్పృహ ఉంటుంది. మూలుగుతాడు, పొట్ట పట్టుకుంటాడు, పిలిస్తే చూస్తాడు. గుండె ఆగినవాడు పలకడు. కొన్ని క్షణాలు చేతులూ కాళ్లూ కొట్టుకోవచ్చు; దాన్ని మూర్ఛ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఒడ్డున పడ్డ చేపలా అప్పుడప్పుడు నోరు తెరిచి గాలి లాగుతాడు. అది శ్వాస కాదు. ఛాతీకి దెబ్బ తగిలి పడ్డవాడు పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే గుండె ఆగిందనే లెక్క. నాడి వెతుకుతూ కూర్చోవద్దు. నీళ్లు తాగించొద్దు. గుండె మీద పిడికిలితో గుద్దితే ఫలితం లేదు, సమయం పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చేసే తప్పు, ఎత్తి ఆటోలోనో బైక్ మీదో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తడం. ప్రేమతోనే చేస్తారు, కానీ కదిలే బండిలో సీపీఆర్ సరిగా చేయలేం. ఛాతీ నొక్కకుండా వదిలేసిన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. కాబట్టి పడ్డ చోటే పని మొదలవ్వాలి. ఒకరు నొక్కాలి, ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాలి, ఒకరు ఏఈడీ కోసం పరుగెత్తాలి. పేరు పెట్టి పని చెప్పండి, "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు.

నొక్కాల్సింది రొమ్ము ఎముక కింది సగం మీద. ఒక అరచేతి మడమ అక్కడ ఆనించి, రెండో చెయ్యి పైన వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. చిన్నపిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు లోతు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసినవాళ్లు చేయని పని ఇదే, అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. శిక్షణ ఉన్నవాళ్లు 30 నొక్కులకు 2 ఊపిర్లు ఇవ్వొచ్చు. లేనివాళ్లు ఆపకుండా నొక్కితే చాలు, మొదటి కొన్ని నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ రక్తంలో ఉంటుంది. పక్కటెముక విరుగుతుందన్న భయంతో ఆగొద్దు.

ఏఈడీ రాగానే ఆన్ చేయాలి, మిగతాది అదే చెబుతుంది. జెర్సీ కత్తిరించి, చెస్ట్ గార్డ్ తీసేసి, చెమట పొడిగా తుడవాలి. తడి మీద ప్యాడ్ అంటదు. ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. ఛాతీ చిన్నదై ప్యాడ్లు ఒకదానికొకటి తగిలేలా ఉంటే ఒకటి ముందు, ఒకటి వీపు మీద. పిల్లల ప్యాడ్లు లేకపోతే పెద్దలవే వాడాలి. షాక్ పడగానే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాలి. "షాక్ అవసరం లేదు" అని యంత్రం అంటే బతికాడని అర్థం కాదు. కదలిక, మామూలు శ్వాస లేకపోతే నొక్కుతూనే ఉండాలి.

యంత్రం కొని ప్రిన్సిపాల్ గదిలో తాళం వేసి పెట్టడం కొనకపోవడంతో సమానం. మైదానంలో ఏ మూల నుంచైనా వెళ్లి మూడు నిమిషాల్లో తిరిగి తేగలిగే చోట ఉండాలి. చాలా మోడళ్లు 50 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే ప్యాడ్ల జెల్ ఎండిపోతుంది. స్టేటస్ లైట్, ప్యాడ్ల గడువు, బ్యాటరీ నెలకోసారి చూడాలి. సంచిలో కత్తెర, తువ్వాలు, రేజర్ ఉంచండి.

చెస్ట్ గార్డ్ మీద అతి నమ్మకం వద్దు. అది వేసుకున్నవాళ్లూ చనిపోయారు; కమిలిపోకుండా కాపాడటానికి చేసినవే ఎక్కువ, చెయ్యెత్తితే పక్కకు జరిగిపోతాయి. అమెరికాలో ఈ ప్రమాదం కోసమే ప్రత్యేక ప్రమాణం రాసి, దానికి సరిపోయే గార్డ్‌ను 2021లో లక్రాస్ గోల్‌కీపర్లకు, 2022లో అబ్బాయిల జట్లలో మిగతా ఆటగాళ్లకు తప్పనిసరి చేశారు. మన అకాడమీలు చిన్నపిల్లలకు మెత్తని బంతులివ్వడం, దగ్గర ఫీల్డింగ్‌లో పెట్టకపోవడం, బంతిని ఛాతీతో ఆపొద్దని నేర్పడం రేపే మొదలుపెట్టొచ్చు. అమెరికాలో ఈ కేసులను నమోదు చేసే రిజిస్టర్‌లో ఒకప్పుడు పదిమందిలో ఒకరు బతికితే, ఇటీవలి ఏళ్లలో సగానికి పైగా బతుకుతున్నారు. గార్డ్ కన్నా, వెంటనే అందిన సీపీఆర్, షాకే ఆ తేడా తెచ్చాయని మా నమ్మకం.

లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) చేసి, ముందునుంచే గుండె కండరం మందంగా ఉందా, లాంగ్ క్యూటీ వంటి గుండె విద్యుత్తు లోపముందా చూస్తారు. అవేవీ లేవని తేలాకే కమోషియో కార్డిస్ అని నిర్ధారిస్తారు. ఏఈడీ రికార్డు చేసిన గుండె లయ డాక్టర్లకు చాలా ముఖ్యం, కాబట్టి యంత్రాన్ని కూడా అంబులెన్స్‌లో పంపండి.